పెసర, మినుము సంకరంలో గింజ ఎందుకు నిలవదు: ఎక్కడ ఆగిందో ముందు పట్టుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. తిరుపతిలో ఎమ్మెస్సీ చేస్తూ మిద్దె మీద కుండీల్లో పెసర, మినుము, పిల్లిపెసర వేశారు. పల్లాకు తెగులును (తెల్లదోమ మోసుకొచ్చే, ఆకులు పసుపెక్కించే వైరస్ జబ్బును) తట్టుకునే గుణాన్ని మినుము నుంచి పెసరకు తేవాలని మీ ఆలోచన. పెసర పువ్వుకు మినుము పుప్పొడి పెడితే కొన్ని కాయలు నిలిచాయి కానీ గింజలు ముడుచుకుపోయాయి. మినుము పువ్వుకు పెసర పుప్పొడి పెడితే ఒక్క కాయా కట్టలేదు. పిల్లిపెసరతో చేసినవన్నీ పూత దశలోనే రాలిపోయాయి. "అన్నీ ఒకే కుటుంబం, అన్నిట్లోనూ 22 క్రోమోజోములే, మరి ఎందుకు కలవవు? ఎంబ్రియో రెస్క్యూ చేద్దామంటే ల్యాబ్ దొరకడం లేదు, టెన్షన్‌గా ఉంది" అన్నారు.

ల్యాబ్ సంగతి తర్వాత చూద్దాం. రెండు జాతుల మధ్య సంకరం చాలా చోట్ల ఆగిపోవచ్చు. పుప్పొడి కీలాగ్రం మీద మొలకెత్తకపోవచ్చు, మొలకెత్తినా అండం దాకా చేరకపోవచ్చు. ఫలదీకరణ జరిగాక పిండం చచ్చిపోవచ్చు. మొక్క ఏపుగా పెరిగి, బ్రహ్మాండంగా పూసి, ఒక్క కాయా కట్టకపోవచ్చు. ఒక్కోదానికి ఒక్కో ఉపాయం ఉంది. ఎంబ్రియో రెస్క్యూ అంటే చావబోయే పిండాన్ని గింజలోంచి తీసి ల్యాబ్‌లో పెంచడం. అది పనికొచ్చేది పిండం చచ్చిపోయే దశకు మాత్రమే. మీ మూడు జతల్లో అది ఉపయోగపడే అవకాశం ఉన్నది ఒక్క జతకే. ఆ జతకు కూడా అది లేకుండా పని జరగవచ్చు.

అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది మీ చేతిని. పెసర మొగ్గ ఎంత సున్నితమో మీరు చూసే ఉంటారు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం ఎంచుకుని, రెక్కలు తప్పించి, కేసరాలను కప్పి ఉండే మెలితిరిగిన ద్రోణిని చీల్చి, పది కేసరాలూ తీయాలి. తొమ్మిది ఒక గుంపుగా ఉంటాయి, పదోది విడిగా ఉంటుంది. ఆ పదోదే తరచుగా లోపల మిగిలిపోతుంది. పెసరలో పువ్వు విచ్చుకోకముందే, రాత్రిపూటే పుప్పొడి రాలిపోతుంది కాబట్టి ఒక్క కేసరం మిగిలినా మీకు వచ్చేది పెసర గింజే. ఇక పట్టకారు కాస్త గట్టిగా తగిలిందంటే అండాశయం నలిగి, ఏ పుప్పొడి పెట్టినా పువ్వు రాలుతుంది. అపరాల మొక్కలు తమంతట తామే పూతలో ఎక్కువ భాగం రాల్చేస్తాయన్నది కూడా మరవొద్దు.

అందుకని ఒక పోలిక తప్పనిసరిగా పెట్టుకోండి. సంకరం చేసిన రోజునే, అదే మొక్క మీద, అదే చేత్తో కొన్ని మొగ్గల్లో కేసరాలు తీసి, వాటికి వేరే పెసర మొక్క పుప్పొడి పెట్టండి. అవి కూడా రాలిపోతుంటే తప్పు జాతులది కాదు. చేతిదో, ఎండదో అనుకోవాలి. అవి నిలిచి, మినుము పుప్పొడి పెట్టినవి రాలితేనే జాతుల మధ్య అడ్డు ఉందని చెప్పగలం. ఈ పోలిక లేకుండా "ఈ రెండూ కలవవు" అని రాసిన థీసిస్‌లు నేను చాలా చూశాను. వాటిని నమ్మలేం.

చేతి మీద నమ్మకం కుదిరాక, పువ్వు ఎప్పుడు రాలుతోందో చూడండి. రెండు మూడు రోజుల్లోనే రాలితే చాలావరకు ఫలదీకరణ జరగలేదనే అర్థం. దీన్ని తేల్చుకోవడం కష్టమేమీ కాదు. పుప్పొడి పెట్టిన 24 గంటలకు కీలాన్ని కోసి, మూడు పాళ్లు ఆల్కహాల్, ఒక పాలు ఎసిటిక్ యాసిడ్ కలిపిన ద్రవంలో వేయాలి. తర్వాత సోడియం హైడ్రాక్సైడ్‌లో మెత్తబరిచి, అనిలిన్ బ్లూతో రంగు పట్టించి, ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ కింద పెట్టండి. పుప్పొడి గొట్టాలు గీతల్లా మెరుస్తాయి. గొట్టం కీలాగ్రం మీదే చుట్టలు చుట్టుకుందా, కీలం మధ్యలో చివర ఉబ్బి ఆగిందా, అండాశయంలోకి దిగిందా అన్నది కళ్లకు కనిపిస్తుంది. టిష్యూ కల్చర్ ల్యాబ్ కంటే ఈ మైక్రోస్కోప్ సంపాదించడం మీకు చాలా సులువు.

పిల్లిపెసరతో మీకు జరిగింది ఈ కోవకు చెందిందే కావచ్చు. మన రైతులు వరి కోసిన మళ్లలో పశువుల మేతకు, పచ్చిరొట్టకు చల్లుకునే మొక్క అది. పేరులో పెసర ఉన్నా బంధుత్వం మీరు అనుకున్నంత దగ్గరిది కాదు. ఇవన్నీ చేరిన విగ్నా ప్రజాతిలోని ఆసియా జాతులను వృక్షశాస్త్రవేత్తలు మూడు గుంపులుగా విడదీశారు. పెసర, మినుము రెండూ ఒకే గుంపులోవి. పిల్లిపెసరది వేరే గుంపు, రైస్‌బీన్ అనే ఇంకో అపరానిది మూడోది. అలసంద ఈ మూడిటికీ బయట, వేరే ఉపప్రజాతిలో ఉంది. 22 క్రోమోజోములన్న లెక్క అన్నిటికీ సరిపోతుంది కానీ, సంఖ్య ఒకటైనంత మాత్రాన వాటి మీది అమరిక ఒకటి కాదు. పెసరకు, మినుముకు మధ్యనే క్రోమోజోము ముక్కలు చోట్లు మారిన తేడాలున్నాయి. మీ థీసిస్ గడువులో పిల్లిపెసర జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఇక తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్న విషయం. పెసర తల్లిగా, మినుము తండ్రిగా ఉంటే సంకరం కుదురుతుంది. తిప్పి చేస్తే చాలా అరుదు. దేశంలో ఈ జత మీద పనిచేసినవాళ్లు దాదాపు అందరూ ఇదే రాశారు. మీ కుండీల్లో జరిగిందీ అదే, కాబట్టి మీ పని సరైన దారిలోనే ఉందని నాకు అనిపిస్తోంది. దిక్కు మారితే ఫలితం ఎందుకు మారుతుందో అర్థం కావాలంటే గింజ లోపల చూడాలి. పిండంతో పాటు దానికి తిండి పెట్టే అంకురచ్ఛదం కూడా ఫలదీకరణలోనే పుడుతుంది. అందులో రెండు పాళ్లు తల్లివి, ఒక పాలు తండ్రిది. రెండు జాతులను కలిపినప్పుడు ఈ పాళ్ల మధ్య పొత్తు చెడితే అంకురచ్ఛదం సగంలో కుప్పకూలుతుంది. పిండంలో ఏ దోషం లేకపోయినా తిండి అందక ఎండిపోతుంది. తల్లిని తండ్రిని తారుమారు చేస్తే పాళ్లు తారుమారవుతాయి, దాంతో ఫలితమూ మారుతుంది. పైగా కణద్రవ్యం మొత్తం తల్లి నుంచే వస్తుంది.

మీ ముడుచుకుపోయిన గింజలు ఈ దశలో దెబ్బతిన్నవే. వాటిని పారేశారా? పారేయకపోతే వెంటనే మొలక పెట్టండి. పైపొరకు చిన్న గాటు పెట్టి, తడి ఫిల్టర్ పేపర్ మీద పెట్టి చూడండి. ముడతలు పడిన ప్రతి గింజా చచ్చినట్టు కాదు. పెసర, మినుము జతలో ఎంబ్రియో రెస్క్యూ లేకుండానే మొక్కలు వస్తాయి. ఒక రకం పెసరతో రానిది ఇంకో రకంతో వస్తుంది. కాబట్టి ఒక్క జతను పట్టుకుని వేలాడకుండా నాలుగైదు పెసర రకాలను, నాలుగైదు మినుము రకాలను మార్చి మార్చి కలపండి. ఎల్‌జీజీ 460తో కుదరకపోతే డబ్ల్యూజీజీ 42తో చూడండి. తండ్రిగా ఎల్‌బీజీ 752, టీబీజీ 104 రెండూ పెట్టండి. ల్యాబ్‌లో పిండాన్ని పెంచే ఏ పోషక మీడియా కంటే కూడా ఈ మార్పు ఎక్కువ గింజలు ఇస్తుందని నా నమ్మకం.

అయినా కుదరకపోతే అప్పుడు రెస్క్యూ. పెసర కాయ పండడానికి ఇరవై రోజులు చాలవు అనుకుంటారు గానీ, చాలావరకు ఆ లోపే పండుతుంది. అందుకే కాయ రాలే రోజు కనిపెట్టి, దానికి రెండు మూడు రోజులు ముందే కోయాలి. పిండం గుండె ఆకారం దాటి ఉంటే ఎంఎస్ మీడియా మీద బతికించవచ్చు. గుండ్రటి ముద్దగా ఉన్నప్పుడే చచ్చిపోయే జత అయితే పిండాన్ని విడదీయడమే గగనం, మొత్తం అండాన్నే కల్చర్‌లో పెట్టాల్సి వస్తుంది. పెసర, రైస్‌బీన్ సంకరాలు కొన్నిటికి ఎంబ్రియో రెస్క్యూ వాడారు.

మొలిచిన మొక్క నిజంగా సంకరమేనా అన్నది అక్కడికక్కడే తేల్చుకోండి. పెసర కాయలు వేలాడుతూ, పొట్టి నూగుతో ఉంటాయి. మినుము కాయలు నిక్కి ఉండి, పొడవైన నూగుతో ఉంటాయి. మినుము పువ్వు ముదురు పసుపు, పెసరది కాస్త పచ్చటి పసుపు. సంకర మొక్క ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. అచ్చం పెసరలా ఉండి, కుండీ నిండా కాస్తే సంబరపడకండి, అది ఆ పదో కేసరం చేసిన పని.

కొన్ని జతల్లో మొలక వచ్చి, ఒకటి రెండు ఆకులు వేసి, పసుపెక్కి చచ్చిపోతుంది. నీళ్లు ఎక్కువయ్యాయనో, బూజు పట్టిందనో అనుకుంటాం. అసలు సంగతి, ఒక జాతి జన్యువు ఇంకో జాతి జన్యువుతో సర్దుకోలేకపోవడం. ఇది దూరపు జాతుల మధ్యనే జరుగుతుందని లేదు. మనం బీన్స్ అని, రాజ్మా అని తినే జాతి మధ్య అమెరికాలో ఒకసారి, ఆండీస్ కొండల్లో ఒకసారి, విడివిడిగా సాగులోకి వచ్చింది. ఆ రెండు గుంపులను కలిపితే కొన్ని జతల్లో మొక్కలు గిడసబారి చచ్చిపోతాయి. జాతి ఒక్కటే అయినా అక్కడా ఇదే అడ్డు. దానికి మందు కూడా రకాలు మార్చడమే.

అసలు పరీక్ష మొక్క పూసినప్పుడు మొదలవుతుంది. పెసర, మినుము సంకరం చూడ్డానికి చక్కగా పెరుగుతుంది. కాయ భారం ఉండదు కాబట్టి పచ్చగా ఉండి పూస్తూనే ఉంటుంది. పుప్పొడిని ఎసిటోకార్మిన్ అనే రంగులో వేసి మైక్రోస్కోప్ కింద చూడండి. మంచి రేణువు ఎర్రగా, గుండ్రంగా నిండుగా ఉంటుంది. మీ సంకరంలో చాలా భాగం రంగు పట్టని ఖాళీ పెంకులు కనిపిస్తాయి. అమరిక తేడా ఉన్న క్రోమోజోములు కణవిభజనలో సరిగా జతకట్టలేక, కొన్ని వెనకబడి, పుప్పొడిలోకి లెక్క తప్పి చేరడం దీనికి కారణం. ఆడ భాగం కూడా దెబ్బతింటుంది గానీ తరచుగా పూర్తిగా కాదు. అందుకే ఈ మొక్క మీద పెసర పుప్పొడి పెడుతూ పోవాలి. వందల పువ్వులకు కొన్ని గింజలు వస్తాయి, ఆ కొన్ని చాలు. కాల్చిసిన్‌తో క్రోమోజోములను రెట్టింపు చేసి 44 చేయడం ఇంకో దారి. అప్పుడు ప్రతి క్రోమోజోముకూ తన జత దొరుకుతుంది కాబట్టి కొంత కాయ కడుతుంది. అది రైతు పొలంలోకి వెళ్లే మొక్క కాదు, తర్వాతి సంకరాలకు వంతెన మాత్రమే. కాల్చిసిన్ విషం, చేతితొడుగు లేకుండా ముట్టుకోవద్దు.

ఈ దారిలో ఫలితాలు వచ్చాయి. పంత్‌నగర్ నుంచి వచ్చిన పంత్ మూంగ్ 4 అనే పెసర రకం తల్లిదండ్రుల్లో ఒకటి మినుము. మన పక్కనే తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా వంబన్ నుంచి వచ్చిన వీబీఎన్ 6, వీబీఎన్ 7 మినుములు అడవి మినుముతో సంకరం చేసి తీసినవి.

ఇక చెనక్కాయ (వేరుశనగ) గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. ఈ జిల్లాలో అపరాల సంకరం నేర్చుకునేవాళ్లు చాలావరకు ఆ పైరు మీదే చేయి తిప్పుతారు. పైగా అక్కడి అడ్డు మీకు ఎదురైనదానికి పూర్తిగా భిన్నం. వేరుశనగలో 40 క్రోమోజోములు. తిక్క ఆకుమచ్చను, తుప్పును తట్టుకునే దాని అడవి బంధువుల్లో చాలావరకు 20. నిజానికి మనం తినే కాయే దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు, అరాకిస్ డ్యురానెన్సిస్, అరాకిస్ ఇపాయెన్సిస్, కలిసి క్రోమోజోములు రెట్టింపై పుట్టిన దూర సంకరం. అలా పుట్టిన క్షణం నుంచే అది తన పుట్టింటివాళ్లతో కలవలేని స్థితికి వచ్చింది.

వేరుశనగకు 20 క్రోమోజోముల జాతి పుప్పొడి పెడితే ఫలదీకరణ చాలాసార్లు జరుగుతుంది. చిక్కు ఊడలో వస్తుంది. మామూలుగా పువ్వు వాడాక కొద్ది రోజులకు మొన వాడిగా ఊడ దిగి నేలలోకి పోతుంది. ఈ సంకరంలో ఊడ అర అంగుళం సాగి ఆగిపోతుంది, లేదా మట్టిలోకి దిగినా కొన ఉబ్బకుండా అలాగే ఉండిపోతుంది. పువ్వు మొదట్లో జిబ్బరెల్లిక్ యాసిడ్‌లో ముంచిన దూది చుడితే ఊడలు సాగి, కాయల సంఖ్య పెరుగుతుంది. ఇంత కష్టపడి వచ్చిన మొక్కలో 30 క్రోమోజోములుంటాయి, అది గొడ్డు. కాల్చిసిన్‌తో 60 చేసి, వేరుశనగతో మళ్లీ మళ్లీ కలిపి, తరాల తర్వాత 40కి దించాలి. లేదంటే రెండు అడవి జాతులను ముందు తమలో తాము కలిపి, రెట్టింపు చేసి, 40 క్రోమోజోముల వంతెన మొక్క తయారుచేసి అప్పుడు వేరుశనగతో కలపాలి. అమెరికాలో టెక్సాస్ వాళ్లు మూడు అడవి జాతులతో అలా చేసి, 1999లో కోన్ అనే నులిపురుగును తట్టుకునే రకాన్ని విడుదల చేశారు. ధార్వాడ్ నుంచి వచ్చిన జీపీబీడీ 4కు తుప్పును, ఆకుమచ్చను తట్టుకునే గుణం అరాకిస్ కార్డెనాసీ అనే అడవి జాతి నుంచి దిగింది. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఆ గుణాన్నే మార్కర్ల (గుణం ఉందో లేదో చూపే డీఎన్‌ఏ గుర్తుల) సాయంతో టీఏజీ 24, జేఎల్ 24, ఐసీజీవీ 91114లోకి మార్చారు.

మంచి గుణంతో పాటు అడవి గుణాలూ వెంట వస్తాయి. అడవి వేరుశనగ కాయలో రెండు గింజల మధ్య సన్నటి తీగలాంటి భాగం ఉంటుంది. మొక్క పీకితే అక్కడ తెగి, గింజ నేలలోనే ఉండిపోతుంది. తుప్పు రాని మొక్క వచ్చిందని సంతోషపడిన మరుసటి సీజన్‌లోనే, ఒట్టి ఆకులతో కూడిన మొక్క చేతికొస్తే మళ్లీ మొదటికి రావాలి. నా దృష్టిలో అన్ని అడ్డంకుల్లోకీ ఇదే మొండిది. మొదటి తరం సంకరాన్ని సాధించామని పేపరు రాసి ఆగిపోయేవాళ్లు ఎక్కువ. తర్వాత ఐదారు తరాలు కూర్చుని అడవి ముక్కను చిన్నది చేసేవాళ్లు తక్కువ. ల్యాబ్‌లో ఆగిన సంకరాల కంటే, పొలంలో ఓపిక చాలక ఆగిన సంకరాలే ఎక్కువని నేను అనుకుంటాను.

అడ్డంకి అక్కరకొచ్చిన సందర్భం కూడా ఒకటుంది. అడవి కంది అయిన కజానస్ కజానిఫోలియస్ కణద్రవ్యంలోకి సాగు కంది కేంద్రకాన్ని చేరిస్తే మగ భాగం గొడ్డుబోతుంది. కంది మీద పనిచేసినవాళ్లు ఆ గొడ్డుతనాన్నే పట్టుకుని హైబ్రిడ్ కంది తీశారు. 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైన ఐసీపీహెచ్ 2671 అలా వచ్చిందే.

ఎంత ప్రయత్నించినా తెగనివీ ఉన్నాయి. కాయతొలుచు పురుగును తట్టుకునే విగ్నా వెక్సిల్లాటాను అలసందతో కలపాలని ఆఫ్రికాలో ఏళ్ల తరబడి చూశారు, కుదరలేదు. చివరికి జన్యుమార్పిడి దారి పట్టారు. 2019లో నైజీరియా బీటీ అలసందకు అనుమతి ఇచ్చింది.

ఇప్పుడు మీ అసలు అవసరానికి వద్దాం. పెసరలో పల్లాకు తెగులును తట్టుకునే రకం కావాలి. దానికి మినుము దాకా వెళ్లాలా? ముందు పెసరలోనే వెతకండి. ఎందుకో చెనక్కాయ ఉదాహరణ చెబుతుంది. 1970ల్లో శ్రీకాళహస్తి చుట్టుపక్కల చెనక్కాయ పొలాల్లో కాళహస్తి తెగులు అని నులిపురుగుల వల్ల వచ్చే జబ్బు బయటపడింది. ఊడలు పొట్టివై, కాయల మీద మచ్చలు పడి నల్లబడేవి. దానికి నిరోధకత సాగులో ఉన్న వేరుశనగలోనే దొరికింది, అడవి జాతి కోసం బొలీవియా దాకా పోనక్కర్లేకపోయింది. తిరుపతి పరిశోధనా స్థానం నుంచి వచ్చిన కాళహస్తి రకానికి ఆ పేరు ఊరికే పెట్టలేదు. టీబీజీ 104 మినుము కూడా ఇక్కడిదే.

ఇంకో మెలిక ఉంది. ఉత్తరాదిలో పల్లాకు తెగులు తెచ్చే వైరస్, మన దక్షిణాదిలో ఎక్కువగా ఉండే వైరస్ రెండూ దగ్గరివే కానీ ఒకటి కాదు. కాన్పూరులో పచ్చగా నిలిచిన రకం ఇక్కడ పసుపెక్కవచ్చు. పత్రాల్లో నిరోధకమని చదివిన రకాన్ని నేరుగా తండ్రిగా పెట్టకండి. ముందు మీ మిద్దె మీద, తెల్లదోమ వాలే చోట, పల్లాకు బాగా వచ్చే పెసర వరుసల మధ్య పెంచి చూడండి.

కాలం కూడా చూసుకోండి. మేలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మిద్దె మీద ఇంకా ఎక్కువ. అప్పుడు సొంత పుప్పొడితో కూడా పూత నిలవదు. అక్టోబరు, నవంబరు వానల్లో పెట్టిన పుప్పొడి కొట్టుకుపోతుంది. డిసెంబరులో విత్తితే జనవరి చివర పూతకు వస్తుంది, ఈ పనికి అది అనువైన కాలం. మినుమును ఒకేసారి వేయకుండా వారం వారం తేడాతో మూడు దఫాలుగా వేయండి, ఏదో ఒక దఫా పూత పెసరతో కలుస్తుంది. ఉదయం విచ్చుకున్న మినుము పువ్వు కోసి, రెక్కలు ఒలిచి, పుప్పొడి అంటిన ఆ నూగు కీలంతోనే పెసర కీలాగ్రాన్ని మెల్లగా రుద్దండి. ప్రతి మొగ్గకు రంగు దారం కట్టి తేదీ, తల్లి, తండ్రి, రాలిన రోజు రాయండి. రాలినవాటి తేదీలు కూడా రాయాలి, చాలామంది నిలిచినవే రాస్తారు. ఆ తేదీలు, రాలిన కాయల్లో పెద్ద గింజ ఫోటో ఒకటి పంపండి. రెస్క్యూ అవసరమా కాదా అన్నది అప్పుడు మాట్లాడదాం.